త్రాటి యెన్నిక

ఇంటికి గావలసిన సరకుల పట్టీ వ్రాయునపుడు పప్పు, ఉప్పు, చింతపండు మొదలు దీపారాధన వత్తులవఱకు వ్రాయుదుము గాని, అందు త్రాడని యొక పంక్తి వ్రాసిన యిల్లాలిని మేమింతవఱకు జూడలేదు. త్రాడు దానంతట నదియే యింటికి వచ్చునని మన నమ్మకము. కొట్టువాడు పొట్లముపై జుట్టిన పురికొసను విప్పి మేకునకు దగిలింతుము. పెండ్లిపందిరి విప్పినప్పుడు మిగిలిన ముక్కను చుట్టచుట్టి యటుకమీద వేయుదుము. అవసరము వచ్చినపుడు చేతికి దొరికినదానితో రెండు ముళ్ళు వేసి యూరకుందుము. ఆ ముడికి వ్రేలాడునది కూరల సంచియా, పసిబిడ్డ యుయ్యాలయా యను విచారణ మనకు లేదు. ఈ నడుమ మా వీథిలో జరిగిన యొక సంగతి మమ్ము మిక్కిలి కలవరపెట్టినందున, చవుకగా దొరకు సన్నని త్రాళ్ళలో నేది దేనికి బనికివచ్చునో సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

మాకీ త్రాళ్ళ పరిచయము మా యింటివారి బడి మూలమున గలిగినది. అచటి స్కౌటు పిల్లలకు ముళ్ళు వేయుట నేర్పవలయును. ఒక్కొక్క పిల్లవానికి రెండు బారల త్రాడైనను లేనిదే చేయి తిరుగదు. నలువదిమంది పిల్లలన్న నెనుబది బారలు. బడిలో నందులకై యుండు సొమ్ము స్వల్పము. పురికొస యిచ్చినచో వారము దినములలో పీచులు లేచి చిక్కుపడును. కొబ్బరిత్రాడిచ్చినచో లేతచేతులు గీరుకొనును. "ముళ్ళు నీకు దెలియును గదా, త్రాడును నీవే చూడుము" అని వారా భారము మాపై వేసిరి. వేసవి సెలవులలో మాయింటికి వచ్చు బాలికలు ఉట్టులు, చేసంచులు, పూలకుండీలకు వ్రేలాడు కట్లు అల్లుచుందురు గనుక వారికిని నట్టి త్రాడే కావలసి వచ్చినది. ఇట్లు గడచిన కొన్ని యేండ్లలో మేము కొని, తడిపి, ఎండబెట్టి, లాగి, కాల్చి చూచిన త్రాళ్ళు పదునైదు రకములకు దక్కువ యుండవు.

కోనసీమలో బుట్టినవారికి త్రాళ్ళనుగూర్చి యొకరు చెప్పవలయునా యని కొందఱడుగవచ్చును. నిజమే. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో నేవైపు జూచినను కొబ్బరితోటలే. అంబాజీపేట కొబ్బరి విపణి పేరు వినని వర్తకుడుండడు. డొక్కలను నీట నానవేసి, దంచి, పీచు దీసి, అఱచేతులతోనో రాట్నముతోనో పేనిన త్రాళ్ళతో మన పెద్దలు పందిరులు వేసిరి, తడికలు గట్టిరి, పడవలను రేవున నిలిపిరి. కొబ్బరిపీచు బలమున గోగునారకును జనపనారకును దీసిపోవును గాని, లిగ్నిను అను గట్టి పదార్థమిందు విశేషముగా నుండుటవలన నుప్పునీటికి దొందరగా లొంగదు. పశువునకు బలుపు, నూతికి జేంతాడు, మంచమునకు నులక, బండియెద్దునకు బగ్గము, చెట్టెక్కువానికి మోకు: త్రాటికి మనభాషలో నిన్ని పేర్లుండుట యూరక గాదు. ఏ పనికా త్రాడు వేఱని మన పూర్వు లెఱుగుదురు. ఇప్పటి మనమే యన్నిటికి "ప్లాస్టిక్కు తాడు" అను నొక్కపేరు పెట్టుకొని యూరకున్నాము.

మేము చిన్ననాట నమరము వల్లించునప్పుడు రజ్జుశబ్దమునకు బర్యాయములుగా శుల్బమును, గుణమును విని యాశ్చర్యపడితిమి. గుణమనగా మంచితనమనియే యప్పటికి మాకు దెలియును. త్రాటిపోగునకును గుణమే పేరని, సత్త్వరజస్తమస్సులను మూడుగుణములు మూడుపోగుల త్రాడువలె జీవుని గట్టుననియు దండ్రిగారు చెప్పిరి. యజ్ఞవేదికలను గొలుచు శాస్త్రమునకు శుల్బసూత్రములని పేరు వచ్చినదియు త్రాటివలననే. ఇంతటి గౌరవము గల వస్తువును మనము తూనికకు మాత్రమే కొనుట యేమి న్యాయము!

ఇక నిప్పటి త్రాళ్ళ సంగతి. వీనిలో మొదటిది నైలాను. 1935లో నమెరికాలోని డ్యూపాంటు కంపెనీ ప్రయోగశాలలో వాలెస్ కారథర్స్ అను రసాయనవేత్త దీనిని సృష్టించెను. 1938లో దంతధావనపు కుంచెలకు, 1940లో స్త్రీల మేజోళ్ళకు నిది వచ్చినది. పాప మాయన 1937లోనే మరణించినందున నా మేజోళ్ళకై జనులు బారులు దీరుట చూడలేదు. 1941లో నింగ్లండులో విన్‌ఫీల్డు, డిక్సను అనువారలు పాలియెస్టరు దారమును గనిపెట్టిరి. 1953లో జర్మనీలో జీగ్లరు గట్టి పాలిథీనును, మఱుసటి సంవత్సరము ఇటలీలో నట్టా పాలీప్రొపిలీనును సాధించిరి. ఆ యిరువురకు 1963లో నోబెలు బహుమానము వచ్చినది. మన యినుప సామానుకొట్టులో నీలము, పసుపు, ఆకుపచ్చ రంగులలో మెఱయుచు వ్రేలాడు చవుకత్రాళ్ళు చాలవఱకీ కడపటి రెండింటిలో నేదో యొకటి. కాని కొట్టువాని నడిగినచో నన్నియు నైలానే యనును. అతని తప్పు లేదు. అతనికమ్మినవాడును నట్లే చెప్పియుండును.

ఎవరి మాటయు వినకుండ మనమే తెలిసికొనుటకు సులభమైన యుపాయము నీరు. జానెడు ముక్కను గోసి, చెంబెడు నీటిలో ముంచి, లోపలి గాలిబుడగలు పోవునట్లు వ్రేళ్ళతో బాగుగా బిసికి విడువవలెను. పైకి దేలినచో నది పాలీప్రొపిలీనో పాలిథీనో; మునిగినచో నైలానో పాలియెస్టరో. పిసుకుట మఱువరాదు, అల్లిన త్రాటిలో గాలి నిలిచి మునుగునదికూడ దేలి మనలను మోసగించును. మునిగిన రెండింటికిని భేదము లాగి చూచిన దెలియును. నైలాను రబ్బరువలె గొంత సాగి మరల వెనుకకు వచ్చును, తడిసినపుడు మఱికొంత వదులగును. పాలియెస్టరు తడిసినను బొడిగానున్నను నొక్కతీరుననే యుండును. నిప్పుపరీక్షయు గలదు గాని పిల్లలు లేనివేళ, ఆరుబయట, పటకారుతో బట్టి, క్రింద నీళ్ళపళ్ళెము నుంచుకొని చేయవలయును. పాలీప్రొపిలీను క్రొవ్వొత్తి వాసనతో గాలును. నూలును జనపనారయు గాగితమువలె గాలి బూడిదయగును. తక్కినవన్నియు గరగి బొట్లుగా రాలును. ఆ బొట్టు చర్మముపై బడినచో నంటుకొని మాంసమువఱకు గాల్చును. కొసలు చీలిపోకుండ వేడితో నతికించునపుడును నిట్టి జాగ్రత్తయే వలయును. వేడిగా నున్న కొసను వ్రేళ్ళతో నలుపువారిని మేమెందఱినో చూచితిమి. బొబ్బలెక్కిన పిదప మానుకొనిరి.

తూనికను గుఱించి యొకమాట. తేలుత్రాడు తేలిక గనుక, ఒకే లావున నైలాను కిలోకు నాలుగు బారలు వచ్చు లెక్కకు బాలీప్రొపిలీ నైదు బారలు వచ్చును. ధరయు దక్కువ. కావున నెనుబది బారలు గావలసినవారి కిదియే లాభమని తోచును. మేము మొదట నట్లే యొక చుట్ట తెప్పించితిమి. లాభము లెక్కలోనే నిలిచినది. అది బిఱుసు, ముడి వేసిన వెంటనే తీగవలె బిగిసి తెఱచుకొనును. పిల్లలు ముడి సరిగా వేసిరా లేదా యన్నది దెలియకమునుపే ముడి మాయమగును. అరుగుమీద నెండ దగులుచోట కట్టినదైతే నొక వేసవికే నెరిసిన వెండ్రుకలవలె బోగులు లేచి, తాకినచో బొడి రాలుచుండెను. ఎండకు దాళు మందు కలిపిన రకములును గలవట గాని, చవుకచుట్టలపై నట్టి వ్రాత మాకు గనబడలేదు.

అప్పుడు మాకు దారి చూపినవారు సముద్రతీరపు వలకాండ్రు. అంతర్వేదినుండి యోడలరేవువఱకు దీరము పొడవున వలలల్లువా రున్నారు. పూర్వము నూలుతోను జనుముతోను వల లల్లి, వానిని గుళ్ళకుండ చెట్టుబెరళ్ళ కషాయములో నుడికించెడివారు. నైలాను వచ్చిన పిమ్మట నా శ్రమ తప్పినది. వలదారపు కండెపై 210/2/3 అనియో 210/12/3 అనియో యంకెలు ముద్రించియుండును. వీని యర్థము తెలిసికొనుట కష్టము గాదు. డెనియరను కొలతయం దొకపోగు 9000 మీటర్ల పొడవునకు నెన్ని గ్రాములు తూగునో యది దాని యంకె. 210 డెనియర్ల పోగులు రెండేసి కలిపి, అట్టివి మూడు పేనినచో 210/2/3. అనగా నాఱు పోగులు, 1260 డెనియర్లు. కిలోకు లెక్కప్రకారము 7 వేల మీటర్ల దారము. పేనుటలో గొంత తగ్గును. ఇది కుట్టుపనికిని జపమాలలు గ్రుచ్చుటకును సరి. 210/12/3 అన్నచో ముప్పదియాఱు పోగులు. లావు మిల్లీమీటరుకు గొంచెము పైన. కిలోకు సుమారు 1100 మీటర్లు. చేతికడియములు, తాళపుచెవుల కుచ్చులు, చిన్న యుట్టులు, కుండీకట్లు: వీనికింతకు మించిన చవుకత్రాడు మేమెఱుగము. నగరములలో "మాక్రమీ దారము" అను పేర రంగుకాగితము చుట్టి యమ్మునది కొన్నచో మూరకొక వెల; వలల కొట్టులో దూనికకు వచ్చును. రంగులు మాత్రము రెండుమూడింటికి మించి యుండవు. బాలికలు మూతి ముడుచుకొనిరి. అంచులకు రంగు నూలు చేర్చి యల్లుడని సమాధానపఱచితిమి.

ముళ్ళు నేర్చు పిల్లలకు మాత్రమింత సన్నని దారము పనికిరాదు. కన్నులకు గట్టు తెలియదు. వారికి నాలుగైదు మిల్లీమీటర్ల లావు, అల్లిన త్రాడు కావలయును. పేనినదానిని నేర్చుకొనువారు విప్పుచు వేయుచు నుండగా బురి విడిపోవును, అల్లినది విడిపోదు. కొనునపుడు చుట్టలోని కొసను మడిచి రెండు వ్రేళ్ళతో నొక్కి చూడుడు. మడత సన్నగా గుదురుకొన్నచో మంచిది. ఉంగరమువలె నుబ్బి నిలిచినచో నా త్రాడు ముడికి బనికిరాదు. అల్లికను వ్రేళ్ళతో నెదురు త్రోసి లోపల నేమున్నదో చూడుడు. కొన్నిటిలో లోపల మంచి పోగులుండును, కొన్నిటిలో గత్తరింపు పీలికలు కుక్కియుందురు, కొన్ని బోలుగా నుండి నొక్కిన చదునగును. గోడ వరుసకు దాపీమేస్త్రీలు పట్టుకొను సన్నని యల్లికదారము, రెండు మిల్లీమీటర్లలోపుది, చిన్న పనులకు జాల నమ్మకమైనది. ఇల్లు గట్టించుకొనువారికడ నొక యుండ యడిగి తెచ్చుకొన్నచో గొననక్కఱయు లేదు. బుట్టలల్లు ప్లాస్టిక్కు వైరును ముళ్ళకై కొనకుడు. అది బుట్టకే పుట్టినది.

ఇప్పుడు మా వీథి సంగతి చెప్పెదము. మా యెదురింటి పెద్దమ్మగారి కూతురు పురిటికి వచ్చి, మగబిడ్డను గన్నది. మూడవ నెల వచ్చినదాక దూలమునకున్న యినుపకడియమునుండి చీరయుయ్యాల వ్రేలాడుచుండెను. పాత కొబ్బరిత్రాడు బిడ్డ చేతికి గీరుకొనునని, పసుపురంగు మెఱుపుత్రాడు, చిటికెనవ్రేలిలో సగము లావుది, సంతలో రెండు ముక్కలు కొనితెచ్చి, ముడివేసి కలిపి యుయ్యాల కట్టిరి. తేలుజాతిదే యని చూచినంతనే మాకు దెలిసినది. ఆదివారము మేము వెళ్ళునప్పటికి ముడికొసలు చెఱియొక జాన యున్నవి. శుక్రవారము పేరంటమునకు బిలువబోయినపుడు దలయెత్తి చూడగా, నవి రెండేసి యంగుళములే యున్నవి.

"పెద్దమ్మగారూ, ఈ కొసలు మీరేమైన గత్తరించితిరా?" అని యడిగితిమి.

"కత్తిరించడమేమిటే అమ్మా! ఎవరు ముట్టుకున్నారు దాన్ని? ముడి రాయిలా ఉంది చూడు" అని యామె చేయెత్తి ముడిని నొక్కి చూపినది. నిజముగనే ఱాయివలె నున్నది.

బిడ్డ తల్లియొడిలో నుండెను. మేము పెరటిలో దింపిన వలవని కొబ్బరికాయలు నాలుగు తెచ్చి యుయ్యాలలో వేసి, మాటలాడుచు నూపసాగితిమి. అర్ధగంట కాలేదు. ఏ చప్పుడును లేకుండ ముడి విడిపోయి, కాయలు నాలుగును దప్పున నేలబడినవి. ఒకటి గచ్చుపై బగిలి నీళ్ళు కారినవి. ఆ పిల్ల బిడ్డను గట్టిగా హత్తుకొని మాటరాక నిలిచిపోయినది. పెద్దమ్మగారు కూలబడి, "ఈ అయిదు రోజులూ రాత్రింబవళ్ళు ఊపానే, నా చేత్తోనే ఊపానే" అని మాటిమాటికి ననుచుండిరి.

దీనికి దృష్టిదోషమని మఱునా డొకరు, ఇనుపకడియపు దోషమని యింకొకరు చెప్పిపోయిరి. కాదు. కొబ్బరిత్రాటి మేనంతయు వెండ్రుకలు. ముడి వేసినపుడా వెండ్రుక లొకదానినొకటి పట్టుకొనును. ఈ త్రాడు నున్నన, బిఱుసు. ఉయ్యాల ఒక వైపునకు బోవునప్పుడు బిగిసి, నడుమ వదులై, మరల బిగియును. ప్రతి యూపునకు గోరువెడల్పులో నెన్నవవంతో ముడిలోని పోగు జాఱును. చేతితో నొక్కి చూచిన నెప్పుడును గట్టిగానే యుండును. కొసలు చూచినవారికే దెలియును. అందులోను వారు వేసినది రెండుమాఱులును గుడికొసనే పైకి వేసిన ముడి. ఒకమాఱు కుడికొస యెడమమీదను, రెండవమాఱు ఎడమకొస కుడిమీదను వేసినచో గొంత మేలు. ముడి చదునుగా, రెండు ఉచ్చు లొకదానిలో నొకటి దూరినట్లు, కొసలు త్రాటి వెంటనే పండుకొనును. అయినను మనుష్యుల బరువు మోయు రెండు త్రాళ్ళ నా ముడితోను గలుపరాదని, 1944లో ముళ్ళను గుఱించి మహాగ్రంథము ప్రకటించిన క్లిఫర్డు ఆష్లీ గట్టిగా హెచ్చరించెను. ఏ త్రాడైనను ముడిపడినచోట దన బలములో నించుమించు సగమువఱకు గోల్పోవుననుటయు మఱువరాదు.

ఆ సాయంకాలమే యుయ్యాలను మరల గట్టితిమి. చిటికెనవ్రేలి లావున నల్లిన పాలియెస్టరు త్రాడు, నడుమ నతుకు లేని యొక్కటే ముక్క. కడియమునకు రెండు చుట్లు చుట్టి, తన మీదనే మూడు సగముళ్ళు వేసి, కొస జానెడు విడిచి, ఆ కొసను మాతృకకు నూలుదారముతో జుట్టి కుట్టితిమి. మూడు సగముళ్ళు దేనికనిన, పీచుత్రాటికి రెండు చాలును, నున్నని త్రాటి కొకటి యెక్కువ వేయుట మంచిది. కొసపై నూలుదారము కుట్టినచోట నెఱ్ఱరంగు పోగు వాడితిమి. జాఱినచో దూరమునుండి కనబడుటకు. పెద్దమ్మగా రిప్పుడు తెల్లవాఱి లేవగానే దేవునికన్న ముందు దానిని జూతురు.

నున్నని దారము ముడిని నిలుపదను సంగతి వలకాండ్ర కేనాడో తెలిసినదే. నూలువలలకు జాలిన యొంటిముడి నైలానువలలో జాఱి కన్ను పెద్దదగుచుండుటచే, ఇంకొకచుట్టు చేర్చి జంటముడిగా వేయుదురు. ఇచట మాకొక వింత దొరకినది. బండారులంకలో చేనేతవారు తెగినపోగును గలుపునపు డొక చిన్నముడి వేయుదురు. అచ్చు గుండ్లలో దూరవలసినది గనుక నది మిక్కిలి సన్నగా నుండవలయును. ఓడలరేవులో వలకన్ను వేయు ముడిని విప్పి చూచితిమి. రెండును నొక్కటే ముడి! ఒకరు దారమును లాగి వేయుదురు, ఒకరు చెక్కసూదితో జుట్టి వేయుదురు. చేతి తీరు వేఱుగాని పోగుల నడక యొక్కటే. స్కౌటు పిల్లలు లావుత్రాటికి సన్నత్రాడు గలుపుటకు నేర్చుకొనునదియు నదియే. ఈ సంగతి చెప్పినపుడు బడిపిల్లలలో నొకడు, "మా నాన్న ముడేనండీ" అని ముందుకు వచ్చి, కన్నులు మూసికొని వేసి చూపెను. అప్పటినుండి వాడే తరగతికి గురువు.

కృత్రిమపుద్రాడు పనికిరాని చోట్లును గలవు. దూడమెడకు సన్నని నైలాను కట్టుట పాపము. పీచుపలుపు తాను పెరిగి నలిగి తెలుపును, ఇది చర్మమును గోసికొని లోపలికి బోవును. పొయ్యిదాపున నేదియు వ్రేలాడదీయరాదు. పాలీప్రొపిలీను 160 డిగ్రీల చేరువనే కరగును, కాగుచున్న నూనెవేడి యంతకు మించియుండును. కొబ్బరిమొక్కలను, అరటిచెట్లను కట్టుటకు నారయే మేలు. చెట్టు లావెక్కునప్పటికి నార కుళ్ళి విడిపోవును, ప్లాస్టిక్కు మాత్రము మానులో దిగిపోవును. దేవునికి గట్టు మల్లెదండలలో నరటినారకు మాఱుగా పాలియెస్టరు దారము వచ్చినదగ్గఱనుండి నిర్మాల్యము కాలువలో గలిపిన నదియు గుళ్ళుట లేదు. కాలువ లాకుల దగ్గఱ చిక్కులు చిక్కులుగా జేరుచున్నది. మన కాలువలో నీరే మన పొలమునకు, మన బిందెకును వచ్చును. మేము ముక్కలను బాఱవేయక యొక డబ్బాలో వేసి, తలగడలోనికి గాకున్నను, కుట్టుదిండులోనికి గూరుచున్నాము. గాలిపటములకు గట్టు నైలాను మాంజా పక్షుల ఱెక్కలను, దారిన బోవువారి మెడలను గోయుచున్నందున జాతీయ హరిత న్యాయస్థానము 2017 జులైలో దేశమంతట దానిని నిషేధించినది. సంక్రాంతినాడు మన పిల్లలచేతిలో నేది యున్నదో చూచుట తల్లుల పని.

సంక్రాంతి యనగా జ్ఞాపకము వచ్చినది. కనుమనాడు జగ్గన్నతోటకు వచ్చు ప్రభలను జూడని కోనసీమ స్త్రీ యుండదు. 2023 గణతంత్ర దినమున ఢిల్లీలో మన రాష్ట్రపు శకటమును నా ప్రభల తీర్థమే. వెదుళ్ళతో గట్టి, వస్త్రములు చుట్టి, భుజములమీద బొలములలోను గాలువలోను మోసికొనివచ్చునపుడు జనులందఱును బైరంగులే చూతురు. మేము మాత్రమీ యేడు కట్లకడ నిలుచుండి చూచితిమి. ఎక్కువ బరువు పడుచోట్ల కొబ్బరిత్రాడే యున్నది. ఏమయ్యా యిట్లని యడుగగా, "ఇది జారదండి, ఇదైతే కిర్రుమంటాదండి" అని కట్టువాడు చెప్పెను. తెగకముందు కిఱ్ఱుమని చెప్పు త్రాడు వలయునట! మా పదునైదు రకముల పరీక్షలో మాకు దట్టని గుణమది.

పీచుత్రాడు మాకిచ్చునది మా యూరి చివర నొక ముసలమ్మ. 1953 నాటి చట్టముచే నేర్పడిన కాయరు బోర్డు 1994లో స్త్రీలకై మోటారు రాట్నముల పథకము మొదలిడినది గాని, ఆమె యిప్పటికిని అఱచేతులతోనే పేనును. చేతులు బిఱుసెక్కి చెప్పుతోలువలె నున్నవి. ప్లాస్టిక్కు త్రాటివలన నీకు బేరము తగ్గలేదా యని మేమడిగితిమి.

"తగ్గిందండి అమ్మగారూ. ఆ తాడు కుళ్ళదు కదండి. నాది కుళ్తాది. కుళ్తేనే కదండి మళ్ళీ నా కాడికొస్తారు" అని నవ్వినది. నవ్విన పిదప కొంచెము సేపూరకుండి, "పందిళ్ళోళ్ళు మానేశారండి. తడికలోళ్ళే మిగిలారు" అనినది.

ఈ వేసవి యుట్టులకు మేము చేసిన యేర్పా టిది: కుండ చుట్టును నల్లు వలకట్టునకు 210/12/3 నైలాను; దూలమునుండి కుండదాక వ్రేలాడు బారెడు త్రాటికి ముసలమ్మ పీచుత్రాడు. నైలానుతోనే యంతయు నల్లినచో నింకను చవుకయే. కాని పైత్రాడు పీచుదైనచో ముడి జాఱదు, చీమల మందు పూసిన నిలుచును, చూచుటకును మనయింటి యుట్టివలె నుండును. ఉట్టి యొక్కటికి పీచుత్రాటి వెల కొద్దిగా నెక్కువైనను, గత యేడు తీర్థములో బాలికలమ్మిన వానిలో ముందుగా జెల్లినవి పీచువియే. ముసలమ్మకు ముప్పది యుట్టులకు జాలినంత త్రాడు చెప్పి, సగము సొమ్ము ముందుగా నిచ్చితిమి.

త్రాడు తెచ్చినదినమున నామె యరుగుమీద గూర్చుండి, మా బాలికలు రెండుత్రాళ్ళను ముడివేసి కలుపుట చూచి, "ముడెందుకండి, అతుకు వేస్తే పోలా" అని రెండు కొసలను బురి విప్పి, మూడేసి పోగులను నొకదాని నడుమ నొకటి దూర్చి, మరల పేని, అతుకెక్కడనో వ్రేలికిగూడ దెలియకుండ జేసినది. మూడుమాఱులు చూపించుకొన్న పిదప మాకు వచ్చినది. దానికి బదులుగా జంటముడి నేర్పుమని యామెయే యడిగినది. ఒక్కమాఱు చూచి వేసినది. పోవునపుడు, తన పీచుత్రాటి చుట్టలు విడిపోకుండ గట్టుకొనుటకని మా నైలాను కండెనుండి నాలుగు బారలు గొలిచి కోసికొని, రొంటిని దోపుకొని వెళ్ళినది.